అంతర్జాతీయ సంబంధముల అధ్యయనము : నేలకొండపల్లి సీమ సాక్ష్యము

విశ్వవిద్యాలయములు అన్యసంస్థల పండితులను రావించి ప్రసంగములు చేయించు సంప్రదాయము తెలుగునాట క్రొత్తది కాదు. 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తున 1933లో రవీంద్రనాథ ఠాకూరు సర్ అల్లాడి కృష్ణస్వామి అయ్యరు ధర్మనిధి పక్షమున మానవుని గూర్చి ప్రసంగించెను. జపాను, అమెరికా దేశములలో 1916, 1917 సంవత్సరములందు జాతీయతావాదమును విమర్శించుచు ఉపన్యసించిన కవి ఆయన. నాటి పరిషత్తు ఉపాధ్యక్షుడగు సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ కాలముననే నానాజాతి సమితికి చెందిన మేధాసహకార సంఘమున సభ్యుడై యుండెను. విశ్వవిద్యాలయ వేదిక ప్రపంచమునకు తెరచిన వాకిలి కావలెనన్న ఆశయము ఆనాడే యుండెననుటకు ఈ యుదాహరణము చాలును.

ప్రపంచ రాజకీయములను గూర్చిన అతిథి ప్రసంగములు నేటికిని మన విద్యాలయములలో తరచుగా జరుగుచున్నవి. వీని నడక ఇంచుమించు ఒకే తీరున నుండును. 1648 నాటి వెస్ట్‌ఫాలియా సంధితో ఆరంభమై, 1815 నాటి వియన్నా సమావేశము, 1920లో పని ప్రారంభించిన నానాజాతి సమితి, 1945లో ఏర్పడిన ఐక్యరాజ్యసమితి అను మెట్లమీదుగా సాగి, ఈ ప్రసంగములు నేటి సమస్యలకు చేరును. ఇందు అసత్యమేమియు లేదు. కాని వినిన విద్యార్థి మనస్సున ఒక భావము నిలిచిపోవును: రాజ్యములు ఒండొంటితో వ్యవహరించు విధానము ఐరోపాలో పుట్టినదనియు, అది ఓడలతోపాటు మన తీరమునకు దిగినదనియు, తన యూరికి గాని తన భాషకు గాని దానితో సంబంధము లేదనియు.

ఈ భావమును పరీక్షించుటకు మేము నేలకొండపల్లి సీమను ఎన్నుకొంటిమి. ఖమ్మమునకు నైరృతి దిక్కున నున్న ఈ గ్రామమును, ఆగ్నేయమున నున్న నాగులవంచను, ఈశాన్యమున అడవుల అంచున నున్న పాల్వంచ, భద్రాచలములను కలిపి చూచినచో పదునేడవ శతాబ్దపు ప్రపంచ రాజకీయములు ఈ కొలది భూమిలోనే మనకు కనబడును. రాజధానుల నడుమ జరిగిన సంధుల భారమును ఏ గ్రామములు మోసినవో కూడ తెలియును. ఈ రెండవ యంశమే ఈ వ్యాసమునకు ముఖ్యము.

పూర్వ పరిశోధన

వెస్ట్‌ఫాలియానుండియే కథ ప్రారంభింపవలెనను వాదమును మొదట గట్టిగా ప్రశ్నించిన ప్రసంగకర్తలలో ఒకడు మనకు పొరుగుననే పనిచేసెను. పోలండు దేశమునుండి వచ్చిన చార్లెస్ హెన్రీ అలెగ్జాండ్రోవిచ్ 1951 మొదలు పదియేండ్లు మద్రాసు విశ్వవిద్యాలయమున అంతర్జాతీయ న్యాయశాస్త్రాచార్యుడుగా నుండెను. 1960లో హేగ్ నగరమునందలి అంతర్జాతీయ న్యాయ విద్యాపీఠమున ఆయన చేసిన ప్రసంగములకు పదునేడు, పదునెనిమిదవ శతాబ్దులలో ఐరోపా రాజ్యములకును దక్షిణాసియా రాజ్యములకును నడుమ జరిగిన సంధులు విషయము. ఆ పరిశోధన విస్తృతరూపమున 1967లో గ్రంథముగా వెలువడెను. ఐరోపావారు మొదట ఇచటి ప్రభువులతో సమానులుగనే ఒడంబడికలు చేసికొనిరనియు, ఈ రాజ్యములకు అంతర్జాతీయ సమాజమున స్థానము లేదను సిద్ధాంతము తరువాతి కాలమున, సామ్రాజ్యము బలిసిన పిమ్మట వచ్చినదనియు ఆయన నిరూపింపబూనెను.

ఈ సిద్ధాంతమునకు గోలకొండ చరిత్రనుండి బలమైన సాక్ష్యమున్నది. డచ్చి వర్తకసంఘము 1602లో ఏర్పడెను. 1605లో వారి ఓడలు మచిలీపట్నము చేరెను. మరుసటి యేట మహమ్మద్ కులీ కుతుబ్ షా వారికి వర్తకము చేసికొనుటకు ఫర్మానా నొసగెను. అప్పటికి డచ్చివారు స్పెయిను రాజుపై తిరుగుబాటు చేసిన ప్రజలు మాత్రమే. వారి స్వాతంత్ర్యమును స్పెయిను ఒప్పుకొన్నది 1648లో, వెస్ట్‌ఫాలియా ఏర్పాటులలో భాగమైన మున్‌స్టర్ సంధి మూలమున. అనగా ఐరోపాలో పూర్తిగా రాజ్యమని అంగీకారము పొందుటకు నలువది రెండేండ్లు ముందే డచ్చివారు తెలుగు తీరమున ఒక ప్రభువుతో ఒడంబడిక చేసికొనిరి. సముద్రము ఎల్లరకు స్వేచ్ఛగా నుండవలెనని వాదించుచు హ్యూగో గ్రోషియస్ 1609లో ప్రకటించిన గ్రంథము ఈ డచ్చి సంఘపు ప్రాచ్యవర్తకమును సమర్థించుటకు పుట్టినదే. అంతర్జాతీయ న్యాయశాస్త్రపు మూలగ్రంథములలో నొకదానికి ఈ సముద్రవర్తకమే ప్రేరణము.

అలెగ్జాండ్రోవిచ్ చూపు ముఖ్యముగా సంధిపత్రముమీద నున్నది. పత్రముపై ముద్రవేసిన ఇరువురును సమానులా కారా అనునది ఆయన ప్రశ్న. ఆ ముద్రకు వెనుకనున్న ధనము ఎచటినుండి వచ్చినదను ప్రశ్నను ఆయన అంతగా వేయలేదు. దానిని వేయుటకు మన వాఙ్మయమే మార్గము చూపుచున్నది.

మన వాఙ్మయమున పరరాజ్య వ్యవహారము

తెలుగులో రాజనీతి గ్రంథములకు కొరత లేదు. బద్దెన నీతిశాస్త్రముక్తావళి, మడికి సింగన సంకలించిన సకలనీతిసమ్మతము, ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసమునందలి రాజనీతి ప్రకరణము విద్యార్థులెరిగినవే. వీనిని మనము సాధారణముగా నీతిపద్యములుగ, కవితాగుణములకొరకు చదువుచున్నాము. ఇవి పరరాజ్య వ్యవహార శాస్త్రములు కూడ. కృష్ణదేవరాయలు రేవులను వృద్ధిచేయవలెనని, గుఱ్ఱములను ఏనుగులను తెచ్చు దూరదేశపు వర్తకులను ఆదరింపవలెనని, అట్లు చేయనిచో ఆ సామగ్రి శత్రువులకు చేరునని ఉపదేశించెను. నేడు దీనిని వర్తకనీతి యందుమో రక్షణనీతి యందుమో తెలియదు. ఆయనకు రెండును ఒకటే.

కౌటిల్యుని కాలమునుండి వచ్చుచున్న షాడ్గుణ్య సిద్ధాంతము ఇచట మనకు మిక్కిలి ఉపకరించును. సంధి, విగ్రహము, యానము, ఆసనము, సంశ్రయము, ద్వైధీభావము అనునవి ఆరు గుణములు. బలవంతుని ఆశ్రయించి తన్ను అర్పించుకొనుట సంశ్రయము. ఒకనితో సంధిని, వేరొకనితో విగ్రహమును ఏకకాలమున నడపుట ద్వైధీభావము. ఈ యారింటిలో దేనికైనను కోశము ఆధారమని శాస్త్రము నొక్కి చెప్పుచున్నది. కోశమునకు మూలము జనపదము. గోలకొండ చివరి యర్ధశతాబ్దపు చరిత్రకు ఈ సూత్రము చక్కగా అన్వయించును.

నేలకొండపల్లి ప్రాచీనత

పదునేడవ శతాబ్దమునకు పోకమునుపు ఈ గ్రామపు పూర్వస్థితిని ఒకింత చెప్పవలెను. నేలకొండపల్లి చుట్టుప్రక్కల నున్న దిబ్బలను స్థానికులు విరాటరాజు పేరుతోను, కీచకుని పేరుతోను చెప్పుకొందురు. పురావస్తు శాఖవారి త్రవ్వకములలో ఇచట పెద్ద ఇటుకల స్తూపము, విహారముల పునాదులు, పాలరాతి బుద్ధ ప్రతిమలు, కంచు విగ్రహము బయల్పడినవి. ఇవి క్రీస్తు శకము మూడు, నాలుగు శతాబ్దుల ప్రాంతమువని పండితులు నిర్ణయించిరి. అది విజయపురి ఇక్ష్వాకుల కాలము, దానికి సమీపకాలము. నాగార్జునకొండయందు వీరపురుషదత్తుని కాలపు శాసనమొకటి అచటి భిక్షువుల ధర్మప్రచారముతో సంబంధముగల దేశములను పేర్కొనుచు కాశ్మీర, గాంధార, చీన, యవన, వంగ, వనవాసి, తామ్రపర్ణీ ద్వీపములను ఎన్నుచున్నది. అచటనే సింహళ విహారము కూడ కలదు.

ఒక మారుమూల స్తూపమును చూచి దానికి ప్రపంచమంతటితో సంబంధమున్నదని చెప్పుట తొందరపాటగును. నేలకొండపల్లి నాగార్జునకొండ కాదు. అయినను ఒకే ధర్మము, ఒకే శిల్పసంప్రదాయము గల క్షేత్రముల వరుసలో ఇది యొకటి. భిక్షువులు, వర్తకులు నడచు దారులపై గ్రామము ఒక మజిలీగా నుండి దూరదేశముల వ్యవహారమున పాల్గొనుట ఈ సీమకు అలవాటే యని మాత్రము చెప్పవచ్చును.

నాగులవంచ వర్తకస్థానము

గోలకొండ రాజ్యమున ఈ ప్రాంతము ఖమ్మంమెట్టు సర్కారులోనిది. రాజధానికిని, రాజ్యపు ముఖ్యరేవగు మచిలీపట్నమునకును నడుమ ఈ భూమి యున్నది. మచిలీపట్నపు ఓడలు పెగూ, తెనాసరిం, అచె రేవులకును, పారసీక దేశపు బందర్ అబ్బాసుకును పోయివచ్చుచుండెను. వస్త్రములు, నీలిమందు, ఇనుము ఇచటినుండి పోవలెను. బంగారము, వెండి, రాగి, సుగంధద్రవ్యములు, గుఱ్ఱములు ఇచటికి రావలెను. కావున రేవును రాజధానిని కలుపు భూమిపై అందరి చూపును నిలిచెను.

ఈ కారణముననే డచ్చివారు 1669 ప్రాంతమున నాగులవంచయందు వర్తకస్థానమును నెలకొల్పిరి. నేడు చింతకాని మండలమున నున్న నాగులవంచ రైలుస్టేషను మీదుగా ప్రయాణము చేయువారు అనేకులు. అది పదునెనిమిదేండ్లు ఆమ్‌స్టర్‌డాం లెక్కపుస్తకములలో స్థానమున్న ఊరని ఎరిగినవారు కొందరే. పరిసరములలో పండు నీలిమందును, నేతవస్త్రములను కొని తీరమునకు చేర్చుట ఈ స్థానపు పని. గోలకొండలోని వర్తకస్థానమునకును మచిలీపట్నమునకును నడుమ ఉత్తరములు, మనుష్యులు, సరకులు పోవుటకు కూడ ఇది యుపకరించెను.

ఈ వర్తకస్థానములలో పనిచేసినవారిలో డానియల్ హావర్ట్ ముఖ్యుడు. ఉట్రెక్ట్ నగరవాసియగు ఈతడు పారసీకము నేర్చి, సాదీ కవి బోస్తానును డచ్చి భాషలోనికి తెచ్చెను. కోరమండల తీరమున డచ్చివారి అభ్యుదయ పతనములను గూర్చి ఈతడు వ్రాసిన గ్రంథము 1693లో ఆమ్‌స్టర్‌డాంలో అచ్చయ్యెను. గోలకొండ చివరి రోజులను, మాదన్న అక్కన్నల యధికారమును దగ్గరనుండి చూచినవాని వ్రాతయగుటచే చరిత్రకారులు దానిని విరివిగా వాడుచున్నారు. పరదేశీయుడగుటచే అతని యభిమానములు, ద్వేషములు అతనికి లేకపోలేదు. అయినను నాగులవంచ పేరు డచ్చి గ్రంథమున నిలిచిన తీరును మన విద్యార్థి గమనింపవలెను. అంతర్జాతీయ సంబంధముల ప్రసంగమున ఆమ్‌స్టర్‌డాం పేరు వచ్చినచో నాగులవంచ పేరు కూడ రావచ్చును.

సంశ్రయమునుండి ద్వైధీభావమునకు

1636లో షాజహాను ఒత్తిడికి లొంగి అబ్దుల్లా కుతుబ్ షా ఒక అంగీకారపత్రము వ్రాసి యిచ్చెను. దాని ప్రకారము ఏటేట రెండు లక్షల హొన్నులు మొగలులకు చెల్లింపవలెను. ప్రార్థనలలో పారసీక ప్రభువు పేరు మాని మొగలు చక్రవర్తి పేరు చదువవలెను. గోలకొండ ప్రభువులు షియాలు. పారసీకపు సఫవీ వంశముతో వారికి మతసంబంధము, రాయబార సంబంధము ఉండెను. ఆ బంధమును త్రెంచుట మొగలుల యుద్దేశ్యము. కనుక ఈ పత్రమున మూడు రాజ్యముల వ్యవహారమున్నది. షాడ్గుణ్య పరిభాషలో ఇది సంశ్రయము.

సంశ్రయము రక్షణ నీయలేదు. 1656లో ఔరంగజేబు గోలకొండపై దాడిచేసెను. అంతకు కొంచెము ముందే గోలకొండ మంత్రియు, గొప్ప ఓడవర్తకుడును అగు మీర్ జుమ్లా మొగలుల పక్షము చేరియుండెను. సుల్తాను ధనము, భూభాగము ఇచ్చి, కూతును ఔరంగజేబు కుమారునకిచ్చి బయటపడెను.

1672లో అబుల్ హసన్ తానాషా సింహాసన మెక్కెను. 1674 నాటికి మాదన్న ప్రధానమంత్రి యయ్యెను. అన్న అక్కన్న అతనికి తోడుగా నుండెను. వీరి నీతి ద్వైధీభావము. మొగలులకు కప్పము చెల్లించుచునే, 1677లో వారి విరోధియగు శివాజీని గోలకొండకు రావించి సంధి చేసికొనిరి. కర్ణాటక దండయాత్రకు ధనసహాయము, ఫిరంగులు ఇచ్చుటకు ఒప్పుకొనిరి. మరాఠుల వకీలు ప్రహ్లాద నీరాజీ రాజధానిలో నిలిచెను. ఒకే నగరమున మొగలు హాజిబు, మరాఠా వకీలు, డచ్చి ఉద్యోగి ఏకకాలమున నుండి ఒకరి కదలికలను మరొకరు గమనించుచుండిరి. స్థిరనివాసులగు రాయబారుల వ్యవస్థ ఐరోపావారికే ప్రత్యేకమను మాటకు ఇది ప్రత్యాఖ్యానము.

తీరమున కూడ ఇదే తీరు. 1672లో ఫ్రెంచివారు గోలకొండ ఏలుబడిలోని శాంథోమును ఆక్రమించిరి. అదే యేడు ఐరోపాలో ఫ్రాన్సునకును డచ్చివారికిని యుద్ధము మొదలయ్యెను. గోలకొండ సేన నేలమీదను, డచ్చి ఓడలు సముద్రముమీదను ముట్టడింపగా 1674లో ఫ్రెంచివారు లొంగిరి. ఐరోపా యుద్ధమును తన పనికి వాడుకొనుట గోలకొండ యెరిగియుండెను. పిదప పదియేండ్లకు సయాం రాజ్యముతో తగవు వచ్చెను. మెర్గుయి రేవున సయాం కొలువులోనున్న ఆంగ్లేయుడు శామ్యూల్ వైట్ గోలకొండ ఓడలను పట్టుకొనుచు వచ్చెను. 1686లో డచ్చివారే బాకీలను, ఇతర ఫిర్యాదులను చూపి మచిలీపట్నమును ఆక్రమించిరి. పండ్రెండేండ్ల క్రిందటి మిత్రుడు శత్రువయ్యెను.

ఈలోగా 1685లో మొగలు సేన హైదరాబాదును కొల్లగొట్టెను. శంభాజీకి సాయము చేయుట, మాదన్న అక్కన్నలకు అధికారమిచ్చుట తానాషాపై మోపిన నేరములలో ముఖ్యములు. 1686 మార్చిలో అన్నదమ్ములిరువురు గోలకొండ వీథిలో హతులైరి. 1687 సెప్టెంబరులో కోట పడిపోయెను. అదే యేట నాగులవంచలోని డచ్చి వర్తకస్థానము కూడ ముగిసెను.

మాదన్న నీతి విఫలమయ్యెనని చెప్పుట సులభము. రెండు బలవద్రాజ్యముల నడుమ పదమూడేండ్లు అది ఒక చిన్న రాజ్యమును నిలిపెనని కూడ చెప్పవలెను. అయితే ద్వైధీభావమున ఒక చిక్కున్నది. సంశ్రయమున ఒకనికి చెల్లించిన చాలును. ద్వైధీభావమున ఇరువురికిని చెల్లింపవలెను. మొగలులకు కప్పము, మరాఠులకు సహాయము, సొంత సేనకు జీతములు ఒకే కోశమునుండి పోవలెను. ఆ కోశము పరగణాలనుండి నిండవలెను. ఇచటనే నేలకొండపల్లి వాడొకడు ఈ చరిత్రలో ప్రవేశించుచున్నాడు.

గోపన్న బాకీ

కంచెర్ల గోపన్న జన్మస్థానము నేలకొండపల్లి. మాదన్న అక్కన్నలు అతనికి మేనమామలనియు, వారి మూలమున అతనికి పాల్వంచ పరగణా తహసీలు దొరకెననియు సంప్రదాయము. సర్కారు సొమ్ముతో భద్రాద్రి రామునకు ఆలయము, ఆభరణములు చేయించి, ఆ బాకీకై గోలకొండలో పండ్రెండేండ్లు చెరనుండెననియు, రామలక్ష్మణులు రామోజీ లక్ష్మోజీల వేషమున వచ్చి తానాషాకు ఆ సొమ్ము చెల్లించిరనియు కథ. ఇది తెలుగువారిలో ఎరుగనివారు లేని కథ. మేము ఇచట దాని భక్తితత్త్వమును విచారింపము. అందలి లెక్కను మాత్రము విచారింతుము.

బాకీ ఆరు లక్షలని వాడుక. కొందరు వరహాలందురు, కొందరు మొహరీలందురు. వరహాలనియే అనుకొందము. వరహా, హొన్ను ఒకే బంగారు నాణెమునకు పేర్లు. 1636 పత్రము ప్రకారము గోలకొండ రాజ్యమంతయు మొగలులకు చెల్లింపవలసిన వార్షిక కప్పము రెండు లక్షల హొన్నులు. అనగా గోపన్న బాకీ యావద్రాజ్యపు మూడేండ్ల కప్పమునకు సమానమగును. మరియొక కొలత: 1632 నాటి ఫర్మానా ప్రకారము ఆంగ్లేయులు గోలకొండ రేవులలో సుంకములకు బదులు చెల్లింపవలసినది ఏటికి 500 వరహాలు. 1672 నాటి ఏర్పాటు ప్రకారము మద్రాసు పట్టణమునకు ఆంగ్లేయులు గోలకొండకు చెల్లించు శిస్తు ఏటికి 1,200 వరహాలు. ఆ లెక్కను ఆరు లక్షలు మద్రాసు పట్టణపు అయిదువందల యేండ్ల శిస్తగును.

అడవుల అంచుననున్న ఒక పరగణా తహసీలుదారు చేతిమీదుగా ఇంతటి ధనము తెలియకుండ పోవుట నమ్మదగినది కాదు. కావున ఆరు లక్షలను లెక్కపుస్తకపు సంఖ్యగా గ్రహింపరాదని మా యభిప్రాయము. అది ప్రజలు బాకీ భారమును కొలిచిన సంఖ్య; చెల్లింప శక్యము కానిదని చెప్పుటకు పెట్టిన సంఖ్య. కథ మరియొక విధముగ అర్థవంతము కాదు. మానవుడు చెల్లింపగల బాకీ యైనచో దేవుడు రావలసిన పని లేదు.

సంఖ్య నమ్మదగనిదైనను, కథ చెప్పు వ్యవస్థ నమ్మదగినదే. 1620 ప్రాంతమున మచిలీపట్నమున నున్న ఆంగ్ల వర్తకుడు విలియం మెథ్వోల్డ్ గోలకొండ రాజ్యమును వర్ణించుచు, అధికారములు ఏటేట హెచ్చుపాట పాడినవారికి గుత్తకిచ్చుచుందురనియు, ఒప్పుకొన్న సొమ్ము కట్టలేని యధికారులను శరీరశిక్షలకు లోనుచేయుదురనియు వ్రాసెను. అనగా బాకీపడిన యుద్యోగిని బంధించుట తానాషా యొక్క ప్రత్యేక క్రౌర్యము కాదు, రాజ్యపు నిత్యవ్యవహారము. మంత్రి మేనల్లుడైనను దానినుండి తప్పించుకొనలేకపోయెనని కథ చెప్పుచున్నది. హైదరాబాదునుండి మొగలులకు, మరాఠులకు పోవు బండ్లు ఆగరాదు. బండ్లు ఆగకుండుటకు తహసీళ్లు ఆగరాదు.

ఇందు మతద్వేషమును వెదకువారు కలరు. గోలకొండ పరిపాలనలో పారసీకముతో పాటు తెలుగు నడచెను. ఇబ్రహీం కుతుబ్ షాను తెలుగు కవులు మల్కిభరాముడని కీర్తించిరి. తొలి యచ్చతెనుగు కావ్యమగు పొన్నికంటి తెలగన యయాతిచరిత్రము అమీనుఖానునకు అంకితము. గోపన్నను బంధించిన ప్రభుత్వమున ప్రధానమంత్రి అతని మేనమామయే యని సంప్రదాయమే చెప్పుచుండగా, ఆ చెరను మతకలహముగా వర్ణించుట సంప్రదాయమునకే విరుద్ధము. కోశపు అవసరము అందరికంటె బలమైనదిగా నుండెననుట సరియైన వ్యాఖ్య.

రామదాసు కీర్తనలను ఈ దృష్టితో చదివినచో క్రొత్త విషయములు తోచును. ఒక ప్రసిద్ధ కీర్తనలో భక్తుడు తాను చేయించిన నగలను, వానికైన మొహరీలను వరుసగా ఎన్నుచు రాముని నిలదీయును. ఆ వరుస తహసీలు కచేరీలో ఖర్చు అప్పగించువాని వరుస. ప్రభువునకు లెక్క చెప్పుకొనవలసినవాడు, అచట చెప్పుకొనుటకు వీలులేక, మరియొక ప్రభువు నెదుట చెప్పుకొనుచున్నాడు. మొహరీలు, తానీషా, తహసీలు వంటి పదములు తెలుగు భక్తివాఙ్మయమున నిలిచిన తీరు భాషాశాస్త్ర విద్యార్థికి మాత్రమే కాక రాజనీతి విద్యార్థికి కూడ పాఠ్యవిషయము. రాజ్యములు తమ పక్షమున సంధిపత్రములు వ్రాసికొనును. ఆ సంధుల వ్యయమును భరించినవారి పక్షమున నిలిచిన వ్రాత అరుదు. అట్టి వ్రాత మన భాషలో కీర్తనరూపమున నున్నదని మేము తలచుచున్నాము.

శ్రీరామనవమి నాడు భద్రాద్రి కల్యాణమునకు ప్రభుత్వపక్షమున ముత్యాల తలంబ్రాలు పంపు ఆచారము తానాషా పేరుతో నిలిచి నేటికిని సాగుచున్నది. ముత్యములు గోదావరిలో పుట్టవు. గోలకొండకు ముత్యములు పారసీక సింధుశాఖనుండి, మన్నారు సింధుశాఖనుండి వచ్చుచుండెను. అడవుల నడుమనున్న దేవాలయమున జరుగు పెండ్లికి సముద్రముల ఆవలి వస్తువు తప్పనిసరి యగుట, ఆనాటి వర్తకము ఎంత దూరము చొచ్చుకొని వచ్చెనో తెలుపుచున్నది.

బోధన పద్ధతిని గూర్చి

ఈ పరిశీలనమునుండి రెండు నిర్ణయములు వచ్చుచున్నవి. ఒకటి: వెస్ట్‌ఫాలియా కాలమున దక్కనులో రాయబారులు, సంధులు, కప్పములు, పరస్పర నిఘా గల రాజ్యవ్యవస్థ యుండెను, డచ్చివారు, ఆంగ్లేయులు, ఫ్రెంచివారు అందులో ప్రవేశించిరే గాని దానిని సృష్టింపలేదు. ఇందు అలెగ్జాండ్రోవిచ్ అభిప్రాయము సరియైనదే. రెండు: ఆ రాజ్యముల సమానత్వము పత్రములమీది సమానత్వము, దాని భారము జనపదములపై సమానముగ పడలేదు. కోశమునుండి పరగణాకు దిగివచ్చినప్పుడే ఈ రెండవ సత్యము కనబడును. ఇందు ఆయన పరిశోధనను మనము ముందునకు కొనిపోవలసి యున్నది.

ఈ పని ఒక్క రాజనీతి శాఖ చేయజాలదు. తెలుగునాట డచ్చి వర్తకస్థానముల కాగితములు హేగ్ నగరపు జాతీయ దస్తావేజుల భాండారమునను, మన పొరుగున తమిళనాడు దస్తావేజుల భాండారమునను ఉన్నవి. ఔరంగజేబు దక్కను పరిపాలనకు సంబంధించిన పారసీక పత్రములు వేలకొలది హైదరాబాదులో తెలంగాణ దస్తావేజుల సంస్థయందు కలవు. మెకంజీ సేకరించిన కైఫీయతులు, రామదాసు కీర్తనలు, నీతిగ్రంథములు తెలుగు శాఖల విద్యార్థుల చేతిలో నున్నవి. డచ్చి నేర్చినవానికి కీర్తన తెలియదు. కీర్తన తెలిసినవానికి పారసీకము రాదు. పారసీకము వచ్చినవాడు షాడ్గుణ్యమును చదువలేదు. ఈ మువ్వురు ఒకే గదిలో కూర్చుండు అవకాశము విశ్వవిద్యాలయముననే కలదు.

కావున ప్రపంచ రాజకీయములపై అతిథి ప్రసంగము ఏర్పాటగునప్పుడు, దాని మరునాడు తెలుగు, చరిత్ర, రాజనీతి శాఖల విద్యార్థులు ఆ విషయమునకే తమ జిల్లానుండి ఒక సాక్ష్యమును చూపి చర్చింపవలెనని మేము సూచించుచున్నాము. ఖమ్మము ప్రాంతపు విద్యార్థులకు నాగులవంచ వర్తకస్థానము, కోస్తా విద్యార్థులకు మచిలీపట్నము డచ్చి సమాధులు, భీమునిపట్నము చాలును. అతిథి చెప్పిన సిద్ధాంతమునకు అచట బలము దొరకవచ్చును, ఆక్షేపణయు దొరకవచ్చును. ఏది దొరకినను ఉపన్యాసము విద్యగా మారును.

నేటి ప్రసంగములలో ఆంక్షలు, ఋణములు, సైనిక కూటములు, వర్తక యుద్ధములు అను మాటలు తరచుగా వినబడుచున్నవి. వీనిలో ప్రతిదానికి ఒక వ్యయము కలదు. ఆ వ్యయమును ఎవరో ఎచటనో చెల్లించుచుందురు. ఎవరు చెల్లించుచున్నారని అడుగుట నేర్చినవాడే అంతర్జాతీయ సంబంధములను నేర్చినవాడు. ఆ ప్రశ్న మనకు పరాయిది కాదు. మూడు శతాబ్దులకు పైగా తెలుగువారు భజనమందిరములలో పాడుకొనుచున్న కీర్తనలలోనే అది యున్నది.